పెద్దక్షరాల మర్యాద

తెలుగు భాషకు పెద్దక్షరాలు, చిన్నక్షరాలు వేరువేరుగా సాధించేందుకు కువైట్‌లో సాగిన మహోద్యమం దిగ్విజయంగా ముగిసిందని తెలుగు ప్రజలందరికీ తెలియజేయడానికి మా సమాఖ్య ఎంతో సంతోషిస్తోంది. ఈ ఉద్యమంలో ఎవరికీ ఎలాంటి నష్టమూ జరగలేదు. సూరాయమ్మ అనే ఆవిడకు తన కూతురి పురుడు విషయంలో కొంత అసౌకర్యం కలిగిన మాట నిజమే గాని, మహోద్యమాల్లో ఇటువంటివి సహజమని అధ్యక్షులవారు సెలవిచ్చారు. జరిగింది జరిగినట్టు రాయమని ప్రచార కార్యదర్శినైన నన్ను ఆదేశించారు కాబట్టి ఆ సంగతి కూడా ఇందులో చేరుస్తున్నాను.

మా సమాఖ్య పూర్తి పేరు అఖిల కువైట్ తెలుగు అక్షర వైభవ సమాఖ్య. అధ్యక్షులు శ్రీ కుక్కుటేశ్వరరావు గారు. కోనసీమ నుంచి ఇంటి డ్రైవరుగా వచ్చి, అమ్ఘరాలో పాత బండ్ల యార్డు నడిపేదాకా ఎదిగిన మనిషి. యార్డు బోర్డు మీద వీసా ఇచ్చిన కువైటీ కఫీల్ పేరు ఉంటుంది. అధ్యక్షులవారి పేరు ఫ్లెక్సీల మీద ఉంటుంది. పేరు పొడుగైనది కావడం వల్ల మా ఫ్లెక్సీలు కూడా మిగతా సంఘాల ఫ్లెక్సీల కంటే వెడల్పుగా ఉంటాయి.

తెలుగు సభల మర్యాద తెలిసినవారికి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. సభలో ఎవరు ఏం మాట్లాడారన్నది ఎవరికీ గుర్తుండదు. ఫ్లెక్సీ మీద ఎవరి పేరు ఎంత ఎత్తున పడిందన్నది మాత్రం మనవళ్ల కాలం దాకా గుర్తుంటుంది. మా దగ్గర అధ్యక్షులవారి పేరు మూరెడు, కార్యదర్శి పేరు జానెడు, దాతల పేర్లు బెత్తెడు. కుర్చీలు వేసేవారు, పులిహోర కలిపేవారు, మైకు మోసేవారు అందరూ కలిసి 'మరియు తదితరులు' అన్న రెండు మాటల్లో సర్దుకుంటారు. ఒక ఏడాది ప్రింటింగ్ ప్రెస్‌వాడి నిర్లక్ష్యం వల్ల ఉపాధ్యక్షుడి పేరు కార్యదర్శి పేరు కంటే వేలెడు ఎక్కువ పడింది. ఆ ఏడాదే మా సమాఖ్య రెండయింది.

ఇటువంటి చక్కటి ఏర్పాటును వాట్సాప్ పాడుచేసింది. గ్రూపులో ఏ పేరు కొట్టినా ఒకే ఎత్తున పడుతోంది. అధ్యక్షులవారి పేరు, ఆయన కారు నడిపే రమేష్‌బాబు పేరు ఒకదాని కింద ఒకటి వస్తే ఎవరి కారు ఎవరు నడుపుతున్నారో కొత్తవాడికి తెలియదు. ఇంగ్లీషులో అయితే పేరంతా పెద్దక్షరాల్లో కొట్టి గౌరవం నిలబెట్టుకోవచ్చు. తెలుగులో ఆ సౌకర్యం లేదు. అంతకు కొన్నేళ్ల ముందు తెలుగులో ఏం పంపినా అవతలి ఫోనులో ఖాళీ డబ్బాలు కనిపించేవి. అప్పుడు ఎవరికీ బాధ ఉండేది కాదు. డబ్బాలు పోయి అక్షరాలు వచ్చాకే ఈ అవమానం మొదలైంది.

వాయిస్ మెసేజులను మా గ్రూపులో మొదటినుంచీ అనుమతించలేదు. గొంతుకు హోదా తెలియదని అధ్యక్షులవారి అభిప్రాయం.

సరిగ్గా ఆ రోజుల్లో, అంటే రెండువేల పదిహేను వేసవిలో, మా కార్యదర్శి విజయభాస్కర్ గారు ఒక వార్త తెచ్చారు. ఆయన విజయవాడ మనిషి, ఇక్కడ కంప్యూటర్ ఇంజినీరు. ప్రపంచంలోని అక్షరాలన్నిటికీ కంప్యూటర్ల కోసం నంబర్లు ఇచ్చే సంస్థ ఒకటి అమెరికాలో ఉంది. ఏ అక్షరానికి నంబరు ఉంటే అది ప్రతి ఫోనులోనూ పుడుతుంది, లేనిది పుట్టదు. మన తెలుగుకు ఆ నంబర్లు ఎప్పుడో వచ్చాయి. ఇప్పుడు చెరొకీ అనే భాషకు కొత్తగా చిన్నక్షరాలు కూడా మంజూరయ్యాయని ఆయన కార్యవర్గ సమావేశంలో చెప్పారు.

చెరొకీ అంటే అధ్యక్షులవారికి తెలిసింది అమ్ఘరాలో ముక్కలై యార్డుకు చేరే జీపు ఒక్కటే. "ఆ బండి బంపర్లు నా దగ్గర గుట్టలున్నాయి. దానికో లిపి కూడానా?" అన్నారు.

అది అమెరికాలో మొదటినుంచీ ఉన్న ఒక జాతి అని విజయభాస్కర్ గారు వివరించారు. రెండు వందల ఏళ్ల కిందట వాళ్లలో ఒకాయన, ఇంగ్లీషు చదవడం రాని మనిషి, కూర్చుని ఎనభై పైచిలుకు అక్షరాలు సొంతంగా తయారు చేశాడట. కొన్నేళ్లకే జాతి జాతంతా చదవడం నేర్చి, పత్రిక కూడా నడుపుకున్నారట. పాత పుస్తకాల్లో కొన్ని అక్షరాలు పెద్దగా, కొన్ని చిన్నగా అచ్చువేసుకున్నారట. ఆ పుస్తకాలు అచ్చు అలాగే పిల్లల ఫోనుల్లో కనిపించాలని ఏళ్ల తరబడి అడిగి సాధించుకున్నారట. ఈ భాగం అప్రస్తుతం కావడం వల్ల మినిట్స్‌లో చేర్చలేదు.

"వాళ్లెంతమంది?" అని అడిగారు అధ్యక్షులవారు.

"మాట్లాడేవాళ్లు కొన్ని వేలమంది ఉంటారండి."

"మనం?"

"ఎనిమిది కోట్లు దాటి ఉంటాం."

కువైట్‌లో చెరొకీవాళ్లు ఏం పని చేస్తారని ఒక సభ్యుడు అడిగాడు. ఖైతాన్‌లో గాని ఫర్వానియాలో గాని ఒక్క చెరొకీ మనిషిని కూడా తాను చూడలేదని ఇంకొకాయన సాక్ష్యం చెప్పారు. ఇక్కడ ఉండటానికి కనీసం ఇఖామా కార్డు కూడా లేని జాతికి రెండు రకాల అక్షరాలుండగా, ఇంతమందిమి ఒక్క రకంతో నెట్టుకొస్తున్నామన్న సంగతి తలచుకుని అధ్యక్షులవారికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

విజయభాస్కర్ గారు నీళ్లు నమిలారు. "కానీ సార్, మన పుస్తకాల్లో ఎప్పుడూ రెండు రకాలు లేవు కదండి."

"లేకపోవడమే కదయ్యా అన్యాయం! ఉంటే ఉద్యమం దేనికి?" అన్నారు అధ్యక్షులవారు. చప్పట్లు మోగాయి.

అప్పుడే విజయభాస్కర్ గారు ఇంకొక సాంకేతిక వివరం చెప్పారు. ఉద్యమం మలుపు తిరిగింది అక్కడే. చెరొకీలో అప్పటికే ఉన్న అక్షరాలను పెద్దవాటి కింద లెక్కవేశారట. చిన్నవాటిని కొత్తగా చేర్చారట. అధ్యక్షులవారు కాసేపు కళ్లు మూసుకుని ఆలోచించారు.

"అంటే ఇప్పుడు మన చేతుల్లో ఉన్న తెలుగు అక్షరాలన్నీ పెద్దవేనన్నమాట!"

"ఆ లెక్కన అంతేనండి."

"మరి ఇన్నాళ్లుగా వాటిని అందరూ వాడేస్తున్నారే!"

డ్రైవర్లు, వంటవాళ్లు, ఇళ్లల్లో పనిచేసేవాళ్లు, అమ్ఘరాలో ఇనుము కోసేవాళ్లు అందరూ ఏ అర్హతా లేకుండా ఏళ్ల తరబడి పెద్దక్షరాలు కొట్టేస్తున్నారన్న నిజం అప్పుడు గాని బయటపడలేదు. పాపం, తెలియక చేసిన తప్పు కనుక పాత మెసేజుల విషయంలో చర్య తీసుకోరాదని కార్యవర్గం ఉదారంగా తీర్మానించింది. ఇకమీదట మాత్రం చిన్నక్షరాలు మంజూరై వచ్చేదాకా సామాన్య సభ్యులు గ్రూపులో తెలుగు అక్షరాలు వాడరాదు. తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకోవాలి. సామాన్యులకు పంపే సమాచారం కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే పంపాలి. దీనికి పెద్దక్షరాల మర్యాద అని పేరు పెట్టారు.

ఇంత కఠినమైన నిబంధన పెడితే తిరుగుబాటు వస్తుందని నేను భయపడ్డాను. ఎవరూ కిక్కురుమనలేదు. విచారిస్తే తేలిందేమంటే, గ్రూపులో ఎక్కువమంది అదివరకే ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతున్నారు. నిబంధన వచ్చిందని కూడా చాలామంది గమనించలేదు. మా సమాఖ్య చరిత్రలో ఇంత క్రమశిక్షణతో అమలైన తీర్మానం మరొకటి లేదు.

ఎవరు పెద్దక్షరార్హులో తేల్చడానికి ఒక ఉపసంఘం వేశాం. ఇళ్లల్లో పనిచేసే ఖాదిం వీసావారికి చిన్నక్షరాలు చాలన్నది ఏకగ్రీవం. కంపెనీ వీసా ఉండి కుటుంబం కూడా ఇక్కడే ఉన్నవారికి పేరులో మొదటి అక్షరం పెద్దది ఇవ్వవచ్చు. డాక్టర్లకు పేరంతా పెద్దదే. కార్యదర్శి భార్య సుమతి గారు లేచి, భర్త పేరు పెద్దక్షరాల్లో ఉంటే పక్కన భార్య పేరు ఏమవుతుందని అడిగారు. ఆ ప్రశ్నను మహిళా విభాగానికి పంపాం. ఆవిడే మహిళా విభాగం.

దేవుళ్ల పేర్ల దగ్గర కొంచెం చిక్కొచ్చింది. దేవుడికి పెద్దక్షరం ఇవ్వక తప్పదు. మరి కూలివాడికి దేవుడి పేరుంటే? గుడిలో ఉన్న దేవుడికి పెద్దక్షరమూ, ఇఖామా మీద ఉన్న దేవుడికి చిన్నక్షరమూ అని అధ్యక్షులవారు తీర్పు చెప్పారు. తెలుగు వత్తుల విషయం కూడా ఒకరు ప్రస్తావించారు. పైన పెద్ద అక్షరం దర్జాగా కూర్చుంటే కింద చిన్నది నోరెత్తకుండా మోస్తుందని, ఈ సమాఖ్య కోరుతున్నది మన లిపికి ఎప్పటినుంచో తెలుసని ఆయన అన్నారు. ఆ సభ్యుడికి అక్కడికక్కడే శాలువా కప్పాం.

ఇక సూరాయమ్మ సంగతి.

సూరాయమ్మది ముమ్మిడివరం దగ్గర ఒక ఊరు. సల్వాలో ఒక కువైటీ ఇంట్లో చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. ఆ ఇంట్లో తెలుగు ముక్క వినిపించదు. డ్రైవరు బంగ్లాదేశ్ మనిషి, వంటమనిషి శ్రీలంక ఆవిడ. చిన్నప్పుడు బడికి వెళ్లినంతలో తెలుగు చదవడం, రాయడం వచ్చింది గాని ఇంగ్లీషు అక్షరాలు రావు. ఎవరు ఊరెళ్తున్నారు, ఎవరు వచ్చారు, ఎక్కడ పని ఉంది అన్నవన్నీ ఆవిడకు మా గ్రూపులో తెలుగులో పడే నాలుగు ముక్కలు చదివితేనే తెలిసేవి. మా సభలకు పులిహోర కలిపేది కూడా ఆవిడే. ఫ్లెక్సీ మీద 'తదితరులు' అన్న మాటలో ఆవిడ ఉంటుంది.

ఆవిడకు విజయదుర్గ ఒక్కతే కూతురు. తొలిచూలు. పుట్టింటికి వెళ్లి పురుడు పోసుకోవాలి గాని పుట్టింటికి తాళం వేసి ఉంది. తల్లి వచ్చి తాళం తీస్తేనే వెళ్తానని ఆ పిల్ల పట్టుబట్టింది. సూరాయమ్మ ఇంటి యజమానురాలిని అడిగింది. ఇక్కడ ఇళ్లల్లో యజమానురాలిని మామా అంటారు. మామా మంచి మనిషే. రెండు నెలలు వెళ్లిరా, నీకు బదులు ఒక మనిషిని పెట్టి వెళ్లు అంది.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. సూరాయమ్మ రమేష్‌బాబుకు ఫోన్ చేసింది. అతనిదీ ఆ వైపే.

"బదులు మనిషి దొరికితే ఎల్లమంది బాబూ మామా. మా దుర్గకి నెలలు నిండిపోతన్నాయి. ఎవరన్నా ఉంటే సూడవా?"

"నేనెక్కడ తిరిగేది పిన్నీ, పొద్దుగూకులూ ఈ బండిలోనే కదా. గ్రూపులో పెట్టేయ్. అందరూ సూత్తారు."

ఆవిడ పెట్టింది. తెలుగులో పెట్టింది. 'అమ్మలారా, సల్వాలో రెండు నెలలు నాకు బదులు పని చేసేవారు కావాలి. మా అమ్మాయి పురుడు. మామా మంచిది. మీ సూరాయమ్మ.' ఒక సామాన్య సభ్యురాలు ఒకే మెసేజులో అన్ని పెద్దక్షరాలు వాడటం ఉద్యమం మొదలయ్యాక అదే ప్రథమం. నిబంధన ప్రకారం హెచ్చరిక పంపాం. సామాన్యులకు పంపేది కనుక ఇంగ్లీషు అక్షరాల్లోనే పంపాం. ఆవిడ చదవలేకపోయింది. ఎవరూ పలకలేదనుకుని మర్నాడు అదే మెసేజు మళ్లీ పెట్టింది. రెండో హెచ్చరిక ఇంకొంచెం ఘాటుగా, అదే అక్షరాల్లో వెళ్లింది. మూడోసారి 'దయచేసి' అన్న మాట కలిపి పెట్టింది. ఇది అహంకారమని కార్యవర్గం భావించి ఆవిడను గ్రూపులోంచి తొలగించింది.

ఫోనులో వచ్చిన ఇంగ్లీషు ముక్కేమిటో తెలియక సూరాయమ్మ దాన్ని ఆ ఇంటి డ్రైవరుకు చూపించింది. అతను చూసి ఒక్క మాట అన్నాడు. "ఖలాస్." ఫోను పాడైందేమోనని ఆవిడ కొన్నాళ్లు దాన్ని ఆపి, మళ్లీ వేసి చూసుకుందట. ఆ తర్వాత కూడా గ్రూపు మౌనంగానే ఉండటంతో, తన కోసం వచ్చేవారెవరూ లేరని అర్థం చేసుకుంది.

ఈలోగా మా అర్జీ అమెరికా చేరింది. జవాబు కూడా మర్యాదగానే వచ్చింది. తెలుగువారు రెండు రకాల అక్షరాలు వాడుకున్నట్టు అచ్చు ఆధారాలుంటే పంపమన్నారు. మాకు ఆధారాలకేం కొదవ? ఫ్లెక్సీల ఫొటోలన్నీ పంపాం. మూరెడు, జానెడు, బెత్తెడు పేర్లు కళ్లకు కట్టినట్టు కనిపిస్తాయి. అవి ఒకే అక్షరాలనీ, అచ్చులో పెద్దగా చిన్నగా వేసుకున్నారంతేననీ, దానికి కొత్త నంబర్లు అక్కర్లేదనీ రెండో జవాబు వచ్చింది.

అధ్యక్షులవారు ఆ జవాబును విజయంగా స్వీకరించారు. "ప్రపంచమంతటి అక్షరాలు చూసే మహానుభావులు మన ఫ్లెక్సీలు చూశారు. మన పెద్దరికానికి నంబరు కూడా అక్కర్లేదని ఒప్పుకున్నారు. ఇంతకన్నా ఏం కావాలి?" అన్నారు. విజయోత్సవ సభ ప్రకటించాం. చిన్నక్షరాలు ఇక రావని తేలింది కనుక, అవి వచ్చేదాకా అమల్లో ఉండవలసిన నిబంధన శాశ్వతమైంది.

శుక్రవారం ఖైతాన్‌లో ఒక హాలు తీసుకుని సభ జరిపాం. ఫ్లెక్సీ హాలు గోడను దాటి తలుపు మీదికి వచ్చింది. తలుపు తెరిచినప్పుడల్లా అధ్యక్షులవారి పేరులో సగం బయటికి వెళ్లి వచ్చేది. సూరాయమ్మను రమేష్‌బాబు సల్వా నుంచి కారులో తీసుకొచ్చాడు. మనిషి చిక్కిపోయింది గాని పులిహోరకు వంక పెట్టడానికి లేదు.

"తెలుగు జాతి ఈనాడు తలెత్తుకుంది!" అని అధ్యక్షులవారు ప్రసంగం అందుకున్నారు. "అక్షరం అంటే ఏమిటి? నశించనిది! అందరి చేతుల్లో పడి నలిగితే అది మాత్రం నశించక ఏమవుతుంది? దాన్ని కాపాడింది ఎవరు? మనం! ఈనాడు మన భాషకు..."

వెనకనుంచి ఏడుపు వినిపించింది. సభామర్యాద తెలియనివారెవరా అని అందరూ తిరిగి చూశారు. సూరాయమ్మ గరిటె పక్కన పడేసి ఫోను పట్టుకుని నిలబడి ఉంది. కూతురు మెసేజు పంపింది. 'అమ్మా, ఆడపిల్ల పుట్టింది. అత్తారింట్లోనే అయింది. పక్కింటి పెద్దక్క దగ్గరుండి చూసుకుంది. నువ్వు దిగులు పడకు.' అన్నీ పెద్దక్షరాలే. ఆ పిల్ల మా గ్రూపు సభ్యురాలు కానందున చర్య తీసుకునే వీలు లేదు.

"మనవరాలా! శుభం, శుభం. సంతోషించాలి గాని ఏడుస్తారా?" అన్నారు అధ్యక్షులవారు మైకులో.

"సంతోషమేనండి బాబూ. నేను లేకుండా అయిపోయిందని, అంతేనండి. మనిషి దొరకలేదండి."

విస్తళ్లు వేస్తున్న గురమ్మ చేతిలోని కట్ట కింద పెట్టింది. గురమ్మది కడప వైపు. ఈ మధ్యే ఖైతాన్‌కు వచ్చి, ఇళ్లల్లో గంటల లెక్కన పని చేసుకునే మనిషి. సూరాయమ్మతో సభల్లో పలకరింపే గాని ఫోను నంబరు ఇచ్చిపుచ్చుకునేంత పరిచయం లేదు.

"మనిషి దొరకలేదా? అదేందిక్కా? నేనొస్తానని గ్రూపులో పెట్టిచ్చినా గదా!"

సూరాయమ్మ ఫోను పట్టుకునే ఆవిడ దగ్గరికి వచ్చింది.

"నాకు రాయను రాదు. నీది సదివి చెప్పిన మన బకాలా అంగడి మహబూబ్ బాషా అన్నతోనే కొట్టిచ్చినా. తెలుగులో కొట్టగూడదంట, ఇంగిలీసు అచ్చరాల్లోనే కొట్టినాడు. 'సూరాయమ్మక్కా, నేనొస్తా, రెండు నెలలు నేను జేస్తా, నువ్వు పోయిరా' అని. నువ్వు పలకనే లేదు. యెవురో దొరికినార్లే అనుకుంటి."

హాల్లో చాలామంది ఫోనులు తీశారు. వెతికితే దొరికింది. సూరాయమ్మను తొలగించిన రోజు సాయంత్రమే ఆ మెసేజు వచ్చిందని పక్కవారు ఆవిడకు చెప్పారు. దాని కింద వరసగా బొటనవేళ్లు, దండాలు, పువ్వులు, 'సూపర్' అన్న మెచ్చుకోళ్లు. కార్యవర్గంలో బొటనవేలు పెట్టనివారు లేరు. అధ్యక్షులవారు రెండు పెట్టారు. సూరాయమ్మకు ఒక్క ఫోన్ కొట్టి చెప్పాలని మాత్రం ఎవరికీ తోచలేదు. రమేష్‌బాబు తల దించుకున్నాడు. గుడ్మాణింగుల గోల భరించలేక అతను గ్రూపును మ్యూట్‌లో పెట్టుకుని ఏడాదయిందట.

పరిస్థితిని అధ్యక్షులవారు తమ సహజమైన చాకచక్యంతో చక్కదిద్దారు. "అమ్మా సూరాయమ్మా, నీ మనవరాలికి సమాఖ్య తరఫున శుభాకాంక్షలు ఇప్పుడే గ్రూపులో పెట్టిస్తున్నాను."

"నన్ను గ్రూపులోంచి తీసేశారంట కదండీ," అంది సూరాయమ్మ. కళ్లు తుడుచుకుని గరిటె తీసుకుంది. జనం ఆకలి మీద ఉన్నారు.

ఆవిడను అక్కడికక్కడే మళ్లీ చేర్చుకున్నాం. సమాఖ్య ఔదార్యానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు. ఆ రాత్రంతా శుభాకాంక్షలు వచ్చి పడ్డాయి. అన్నీ నిబంధన ప్రకారమే, ఇంగ్లీషు అక్షరాల్లో. తిరిగి సల్వా వెళ్లేటప్పుడు ఆవిడ కారులో వెనక సీట్లో కూర్చుని ఫోను తెర పైకి జరుపుతూనే ఉందని రమేష్‌బాబు చెప్పాడు.

"ఇంతమంది ఏవంటన్నారు బాబూ?" అని అడిగిందట.

"అందరూ సంతోషవనే అంటన్నారు పిన్నీ," అన్నాడట.

ఈ నివేదిక చదివిన మహాశయులు తమ అభిప్రాయాలు కింద రాయవలసిందిగా ప్రార్థన. మీరు మా సభ్యులు కారు. మా నిబంధన మీకు వర్తించదు. తెలుగు అక్షరాలు కొట్టవద్దని మిమ్మల్ని ఎవరూ ఆదేశించలేదు. అయినా 'చాలా బాగుంది' అన్న రెండు మాటలు మీరు ఏ అక్షరాల్లో కొట్టబోతున్నారో మాకు తెలుసు. సూరాయమ్మ కూడా చూస్తుంది కాబట్టి ఒక బొటనవేలు మాత్రం తప్పకుండా పెట్టండి. మీరు పంపేవాటిలో ఆవిడ చదవగలిగేది అదొక్కటే.